ఎముక: దేహమందలి సజీవ ధాతువు

ఎముక యనగానే రాతివంటి జడపదార్థమని పలువురు తలతురు. పొలముగట్టున ఎండియున్న పశువుల ఎముకలను చూచుటచే కలిగిన భ్రమ యిది. మన దేహమందలి ఎముక సజీవమైనది. అందులో రక్తము ప్రవహించును. అది పెరుగును, అరుగును, విరిగినచో మరల అతుకుకొనును.

ఎముకయందు ముఖ్యముగా రెండు ద్రవ్యములు కలవు. మొదటిది కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఇది నారవలె అల్లుకొని ఎముక పెళుసుబారకుండ కాపాడును. రెండవది కాల్షియము, భాస్వరము చేరిన లవణము. ఇది గట్టిదనము నిచ్చును. ఈ సంగతిని బడిలో పిల్లలకు చూపవచ్చును. కోడికాలి ఎముకను కొన్ని దినములు వినిగరులో నానవేసినచో లవణము కరిగి, ఎముక మెత్తబడి వంగును. వేరొక ఎముకను నిప్పులో బాగుగా కాల్చినచో నారభాగము నశించి, చేత నలుపగానే పొడియగును.

పొడవైన ఎముకలకు వెలుపల దట్టమైన పొరయు, కొనలయందు లోపల తేనెపట్టువంటి భాగమును ఉండును. అందువలన బరువు తక్కువ, బలము ఎక్కువ. కొన్ని ఎముకల లోపలనున్న ఎఱ్ఱమూలుగయందు రక్తకణములు పుట్టును. దేహమునకు ఆధారమగుట, గుండె, మెదడు మొదలగువానిని కాపాడుట, కండరములతో కలిసి కదలికకు తోడ్పడుట ఎముకల తక్కిన పనులు.

గర్భస్థ శిశువునకు పెక్కు ఎముకలు మొదట మెత్తని మృదులాస్థిగా ఏర్పడి క్రమముగా గట్టిపడును. బాల్యమున ఎముకల కొనలకు సమీపమున పెరుగుదల సాగును; యౌవనము ముగియుసరికి అది నిలిచిపోవును. పెద్దలకు 206 ఎముకలు ఉండును. పొడవు నిలిచినను పని నిలువదు. ఒక జాతి కణములు పాత ఎముకను కరిగించుచుండ, వేరొక జాతి కణములు క్రొత్తదానిని కట్టుచుండును. సుమారు 30 ఏండ్ల వరకు కట్టుబడి మిన్న. తరువాత క్రమముగా కరుగుదల మిన్న. ముట్లుడిగిన స్త్రీలలో ఈ నష్టము మరింత త్వరితముగా జరుగును.

దేహమందలి కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలు, దంతములయందే నిలువయుండును. రక్తమున అది తగ్గినపుడు, కరవునాట గాదె తెరచినట్లు, దేహము ఎముకలనుండి తీసికొనును. గాదె నింపక తీయుచుండిన ఏమగును?

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు ముఖ్యమైనది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ సి. వి. హరినారాయణ్, ఆయన సహచరులు 2007లో ప్రకటించిన పరిశోధనయందు, పల్లెలలో పరీక్షించినవారిలో పురుషులకు నూటికి 44 మందికి, స్త్రీలకు నూటికి 70 మందికి విటమిన్ 'డి' లోపించెనని తేలినది. ఎండకు కొదువలేని సీమలో ఇట్లేల? చర్మముపై ఎండ తగిలినపుడు 'డి' విటమిన్ తయారగును. అది ఆహారమందలి కాల్షియమును దేహము గ్రహించుటకు తోడ్పడును. కాని వారి ఆహారమున కాల్షియము తక్కువ, దానిని పట్టియుంచు ఫైటేటు అను ధాన్యాంశము ఎక్కువ. ఇట్టి తిండివలన ఉన్న 'డి' విటమిన్ కూడ త్వరగా ఖర్చగునని పరిశోధకులు భావించిరి. కావున ఎండయొక్కటే చాలదు. తిండియు సరిగా ఉండవలెను.

పెద్దలకు దినమునకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియము అవసరము. 100 గ్రాముల బియ్యమున సుమారు 10 మిల్లీగ్రాములే యుండగా, అంతే రాగులలో 300కు పైగా కలదు. చిత్తూరు సీమకు తరతరాలుగా అలవాటైన రాగిసంగటిని విడువరాదు. రాగులను మొలకెత్తించి పిండిచేసినచో ఫైటేటు తగ్గును. పాలను అమ్ముకొను ఇండ్లలో పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు కొంత మిగుల్చవలెను. మునగాకు, నువ్వులు కూడ మేలైనవి. చేతులకు, ముఖమునకు దినమున కొంతసేపు ఎండ తగులనిండు; అయితే వేసవిలో వడదెబ్బ తగులకుండ జాగ్రత్త పడవలెను.

బిడ్డ కాళ్లు వంకరపోవుచున్నను, స్త్రీలకు నడుము, తొడల నొప్పి విడువకున్నను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపవలెను. నేడు మన ఆడపిల్లల ఎముకలలో చేరిన బలమే రేపు వారి ముదిమికి ఊతకఱ్ఱ.