కార్తీకంలో ఒక ఆదివారం: వనభోజనాన్ని మన ఇంటి ఆనవాయితీ చేసుకోవడం ఎలా?

 

కొన్నేళ్ళ క్రితం మా ఇంట్లో ఒక పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర మా అన్నయ్య కొడుకూ, మా బాబాయి మనవరాలూ పక్కపక్కనే కూర్చున్నారు. "నీ పేరేంటి?" అని ఒకరినొకరు అడుగుతున్నారు! వాడిది మియాపూర్, ఆ పిల్లది ఎల్బీనగర్. మెట్రోలో ఒకటే లైను, ఆ చివర, ఈ చివర. మా నానమ్మ ఉన్నన్నాళ్ళూ ఇలా లేదు. కార్తీకంలో ఒక ఆదివారం అందరం ఉసిరిచెట్టు కిందకి చేరాల్సిందే. ఆవిడ పోయాక మానేద్దాం అని ఎవరూ అనలేదు. రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. అలా ఆగిపోయింది.

ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కరోజు బయటికి వెళ్ళిరావడం మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. వనభోజనం అంటే అదే కదా. నెల ఏదో పంచాంగమే చెబుతుంది. ఉసిరిచెట్టు విష్ణువుకి ప్రీతి అని నమ్మకం కాబట్టి ఏ చెట్టు కింద కూర్చోవాలో కూడా తేలిపోయింది. చెట్టు మొదట్లో పసుపు, కుంకుమ, దీపం, నైవేద్యం. ఆ తర్వాత అందరికీ ఒకే వరసలో విస్తళ్ళు. సాయంత్రం దీపాల వేళకి ఇంటికి. హోటల్ బుకింగులు, సెలవు లెటర్లు ఏమీ అక్కర్లేదు.

కార్తీక పురాణంలో వనభోజన మహిమ చెప్పే అధ్యాయం ఒకటుంది. ఆ కథ టూకీగా చెప్తాను. ఒక తండ్రి కొడుకుని కార్తీక స్నానం చెయ్యమంటాడు, గుడిలో దీపం పెట్టమంటాడు. కొడుకు ఎగతాళి చేస్తాడు. తండ్రికి కోపం వచ్చి, అడవిలో చెట్టు తొర్రలో ఎలుకవై పడుండమని శపిస్తాడు. తర్వాత కొడుకు కాళ్ళ మీద పడితే, కార్తీక మహాత్మ్యం చెవిన పడిన రోజు శాపం తీరుతుందంటాడు. చాలాకాలానికి విశ్వామిత్రుడు శిష్యులతో వచ్చి ఆ చెట్టు కిందే కూర్చుని పురాణం చెప్తాడు. తొర్రలోంచి విన్న ఎలుకకి మళ్ళీ మనిషి రూపం వస్తుంది. వాళ్ళని దోచుకుందామని వచ్చిన కిరాతకుడు కూడా ఆ మాటలు విని మారిపోతాడు.

నాకు ఈ కథలో నచ్చేది ఒకటే. ఎలుకని ఎవరూ పిలిచి కూర్చోబెట్టలేదు. పెద్దవాళ్ళు చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నారు, అది దగ్గర్లో ఉంది, అంతే. మన పిల్లలూ ఫోన్ తొర్రలోనే ఉంటారనుకోండి. పర్లేదు, వాళ్ళని తిట్టకండి. నానమ్మ ఊరి కబుర్లు వినిపించే దూరంలో ఉంటే చాలు.

ఇక తేదీ. ఆనవాయితీ నిలబడేదీ ఇక్కడే, పోయేదీ ఇక్కడే. "ఎప్పుడైనా వీలు చూసుకుని వెళ్దాం" అంటే ఆ వీలు రాదండి. మేము "కార్తీక మాసంలో రెండో ఆదివారం" అని పెట్టుకున్నాం. ఇంగ్లీషు తేదీ పెట్టుకుంటే కుదరదు, ఎందుకంటే నెల జరుగుతుంది. 2025లో కార్తీక పౌర్ణమి నవంబర్ 5న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడింది కాబట్టి నవంబర్ 24న వస్తుంది. ఆ కార్తీకంలో ఆదివారాలు నవంబర్ 15, 22, 29, డిసెంబర్ 6. మాది 22. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఫ్యామిలీ గ్రూపులో తేదీ పెట్టేస్తే, ఆ రోజుకి ఎవరూ వేరే పని పెట్టుకోరు. అందరూ కుదిరేదాకా ఆగొద్దు. మా మొదటి ఏడాది పదకొండు మందే వచ్చారు.

ఆ మొదటి ఏడాది మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. ఎలాగూ బండి మాట్లాడాం కదా అని ఒకేరోజు మూడు గుళ్ళు పెట్టుకున్నాం. ప్రతి చోటా క్యూ, పార్కింగ్. చెట్టు కింద విస్తరి వేసేసరికి మూడున్నర. మా పెదనాన్నకి షుగర్ ఉంది. నైవేద్యం అయ్యాకే తింటానని మొండికేసి కూర్చున్నారు. చేతులు వణికి, చెమటలు పట్టాయి. పెద్దమ్మ సంచీలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది కాబట్టి సరిపోయింది. ఆ భయం ఇంకా పోలేదు నాకు. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, పిల్లలు ముందే ఏదైనా తినాలి. దేవుడేమీ అనుకోడు. అప్పట్నుంచి మాకు ఒకటే చోటు, ఒకటే గుడి, పన్నెండున్నరకల్లా భోజనం.

హైదరాబాద్ వాళ్ళకి కీసరగుట్ట దగ్గర. రామలింగేశ్వర స్వామి గుడి చుట్టూ కొండ మీద ఆరుబయట ఎన్నో శివలింగాలు కనిపిస్తాయి. రాముడి కోసం హనుమంతుడు కాశీ నుంచి లింగాలు తెచ్చేసరికి ఆలస్యమైందని, అప్పటికే ప్రతిష్ఠ జరిగిపోయిందని అలిగి వాటిని విసిరేశాడని స్థలపురాణం. పిల్లలకి ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్ళండి, లింగాలు లెక్కపెడుతూ ఎండ కూడా పట్టించుకోరు. కార్తీక ఆదివారాల్లో రద్దీ బాగా ఉంటుంది, తెల్లవారుజామునే బయల్దేరండి. కొంచెం దూరమైనా పర్లేదంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి ఉంది. అనంత పద్మనాభ స్వామి గుడి, చుట్టూ అడవి. మన మూసీ పుట్టేది అక్కడే. ఏదీ కుదరకపోతే పక్క కాలనీ పార్కులో ఉసిరిచెట్టు ఉందేమో చూడండి. అమెరికాలో మనవాళ్ళు చలిలో కూడా పార్కుల్లో చేసుకుంటున్నారు.

వంట అంతా ఒకే ఇంటి మీద పడితే రెండో ఏడాదికే విసుగొస్తుంది, ఆ ఇంటి ఆడవాళ్ళకి అది పండగ కాదు. ఒకరు పులిహోర, ఒకరు దద్దోజనం, ఇంకొకరు బూరెలు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా. మగపిల్లలకి వడ్డన అప్పజెప్పండి. విస్తరాకులు తీసుకెళ్ళండి, ప్లాస్టిక్ వద్దు. ఉసిరి దీపం ఎండుటాకులకి దూరంగా పెట్టి, కొండెక్కేదాకా ఒకరు దగ్గరే ఉండండి.

మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టేది నానమ్మ. ఇప్పుడు అది వంతు. పోయినసారి ఎల్బీనగర్ పిల్ల కొట్టింది, రెండో దెబ్బకి పగిలింది. ఈసారి మియాపూర్ వాడి వంతు. ఒక్క దెబ్బకే పగలగొడతానని ఇప్పట్నుంచే ఆ పిల్లకి ఫోన్ చేసి చెప్తున్నాడు.