వేడి మీద మొరాయించే డీజిల్ ఇంజన్: సామాను కొనేముందు ఇవి చూడండి

పొద్దున చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మిర్చి టిక్కీలు ఎక్కించుకుని గుంటూరు యార్డుకు బయల్దేరిన లారీని దారిలో టీ కోసం ఆపి, పావుగంట తర్వాత తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ అందుకోదు. దమ్ము చేస్తున్న ట్రాక్టర్‌ది కూడా ఇదే వరస. మధ్యాహ్నం గట్టు మీద ఆపి అన్నం తిని వచ్చేసరికి మొరాయిస్తుంది. గంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది.

ఈ బాధ పడలేక చాలామంది బండిని ఆపడమే మానేస్తారు. లోడు ఎత్తుతున్నా, దించుతున్నా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. పని లేకుండా గంటకు లీటరుకు అటూ ఇటూ డీజిల్ కాలిపోతుంది. డ్రైవరు సీట్లో లేని బండి నడుస్తూ ఉండటం ప్రమాదం కూడా. మరికొందరు వరసపెట్టి సామాను మారుస్తారు. మొదట బ్యాటరీ, తర్వాత సెల్ఫ్ మోటారు, ఆ తర్వాత నాజిళ్లు. వేలకు వేలు ఖర్చవుతాయి, జబ్బు అక్కడే ఉంటుంది.

అసలు చిక్కు ఒకటుంది. మెకానిక్ వచ్చేసరికి ఇంజన్ చల్లబడి ఉంటుంది. ఆయన ఎదుట బండి బుద్ధిగా స్టార్టవుతుంది. ఆయన చూడనిది చెప్పలేడు. ఇంజన్ వేడి మీద మొరాయించే ఆ పది పదిహేను నిమిషాల్లోనే జబ్బు బయటపడుతుంది. ఆ సమయంలో బండి దగ్గర ఉండేది మీరే. కాబట్టి ఏం చూడాలో, ఏం గుర్తుపెట్టుకోవాలో రైతు సోదరులు, డ్రైవర్లు ముందే తెలుసుకోవాలి.

వేడి ఇంజన్ తేలిగ్గా అందుకోవాలి కదా?

నిజమే. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లో గాలిని పిస్టన్ బలంగా నొక్కినప్పుడు ఆ గాలి 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ నుంచి డీజిల్ తుంపరగా పడగానే మండుతుంది. ఇంజన్ ముందే వేడిగా ఉంటే ఈ పని ఇంకా సులువు కావాలి. అయినా మొరాయిస్తోందంటే, వేడెక్కినప్పుడు బలహీనపడే భాగం ఏదో ఉందని అర్థం.

స్టార్ట్ కావడానికి మూడే మూడు కావాలి. సెల్ఫ్ చాలినంత వేగంగా తిప్పాలి. కంప్రెషన్ ఉండాలి. సరైన సమయానికి చాలినంత డీజిల్ నాజిల్ దగ్గరకు రావాలి. ఈ మూడింటిలో ఏది తగ్గిందో కనిపెడితే సగం పని అయినట్టే.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఇంజన్ ఆపగానే చల్లబడటం మొదలవదు. ఫ్యాన్ ఆగిపోతుంది, నీళ్లు తిరగవు. ఇంజన్‌లోని వేడంతా బయటి భాగాలకు పాకుతుంది. అందుకే ఆపిన వెంటనే మళ్లీ స్టార్టయ్యే బండి, పది నుంచి ముప్పై నిమిషాల మధ్య ఎక్కువగా సతాయిస్తుంది.

ముందు జాగ్రత్త

పరీక్షకు ముందు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో, హ్యాండ్ బ్రేకు వేశారో లేదో చూడండి. ట్రాక్టర్ అయితే పీటీవో కూడా తీసి ఉండాలి. స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు బోల్టులు రెండూ కలిపి, నేల మీద నిలబడి స్టార్ట్ చేసే అలవాటు కొందరికి ఉంది. పొరపాటున గేరు పడి ఉంటే ట్రాక్టర్ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, వెనక చక్రం మనిషి మీద నుంచి పోతుంది. ప్రాణాలు పోయే పని ఇది, ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు. సెల్ఫ్‌ను ఒక దఫాకు 10, 15 సెకన్లకు మించి తిప్పవద్దు. మళ్లీ తిప్పేముందు రెండు నిమిషాలు ఆగాలి.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ ఎలా తిరుగుతోంది?

చెవి పెట్టి వినండి. పొద్దున తిరిగినంత చురుగ్గా తిరుగుతోందా, బరువుగా ఈడుస్తోందా?

ఈడుస్తుంటే డీజిల్ జోలికి పోనక్కర్లేదు, కరెంటు దారి చూడాలి. రాగి తీగ వేడెక్కే కొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది. డిగ్రీకి సుమారు 0.4 శాతం లెక్కన, 50 డిగ్రీలు పెరిగితే 20 శాతం దాకా పెరుగుతుంది. సైలెన్సర్ గొట్టం పక్కనే సెల్ఫ్ మోటారు ఉన్న బండ్లలో ఈ దెబ్బ ఎక్కువ. దానికి తోడు టెర్మినళ్లు చిలుము పట్టి ఉన్నా, ఎర్త్ తీగ బోల్టు వదులైనా, మోటారులో బుష్షులు, కార్బన్లు అరిగినా చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చిన మోటారు వేడి మీద చేతులెత్తేస్తుంది.

దీనికి చిన్న మీటరు చాలు. 12 వోల్టుల బండికి సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 10 వోల్టులకు తగ్గకుండా ఉంటే మంచిది. తర్వాత మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ బోల్టు మీద, రెండో కొసను ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ తిప్పించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ తీగలో లోపం ఉంది. బ్యాటరీ ప్లస్‌కూ, సెల్ఫ్ మోటారు మీది లావు తీగ బోల్టుకూ మధ్య కూడా ఇలాగే చూడాలి. తీగ విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, గట్టిగా బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. 24 వోల్టుల లారీలకు బ్యాటరీ లెక్క రెట్టింపు.

తీగలు బాగుండి, బ్యాటరీ బాగుండి, అప్పటికీ ఈడుస్తుంటే మోటారు విప్పించాలి. ఇంజన్ మితిమీరి వేడెక్కి బిగుసుకుంటోందేమో కూడా చూడాలి. రేడియేటర్ జాలీలో పొట్టు, దుమ్ము అడ్డుపడటం, ఫ్యాన్ బెల్టు వదులవడం నూర్పిళ్ల రోజుల్లో మామూలే.

రెండో ప్రశ్న: సైలెన్సర్‌లో పొగ వస్తోందా?

సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతోంది, అయినా అందుకోవడం లేదు. అప్పుడు ఒక మనిషిని సైలెన్సర్ వైపు చూడమనండి.

పొగ అసలు లేకపోతే సిలిండర్‌లోకి డీజిల్ పోవడం లేదని గుర్తు. తెల్లగానో, బూడిద రంగుగానో పొగ వస్తుంటే డీజిల్ పోతోంది కానీ సరిగా మండటం లేదు.

పొగ లేని బండికి ముందుగా పైసా ఖర్చు లేని పరీక్ష చేయండి. డీజిల్ ట్యాంకు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని సన్నటి గాలి రంధ్రం మట్టితో పూడిపోయిందన్నమాట. డీజిల్ వాడుతున్న కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపుకు డీజిల్ అందదు. ఇలాంటి బండి ఆగేముందే పుల్లింగ్ తగ్గుతుంది.

తర్వాత స్టాప్ సాలినాయిడ్. తాళంతో ఆగే బండ్లకు పంపు దగ్గర చిన్న కరెంటు కాయిల్ ఉంటుంది. తాళం వేయగానే టిక్కుమని శబ్దం రావాలి. పొద్దున వినిపించి, వేడి మీద వినిపించకపోతే ఆ కాయిల్‌నో, దాని తీగనో అనుమానించాలి. నాబ్ లాగి ఆపే బండి అయితే నాబ్ పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో చూడాలి.

చేతి పంపు నాలుగైదు సార్లు కొట్టగానే అందుకుంటే లైన్లో ఎయిర్ పడుతోందని, లేదా డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోందని తెలుసుకోవాలి. అయితే ఇలాంటి బండి రాత్రంతా ఆగాక పొద్దున కూడా సతాయించాలి. పొద్దున ఏ ఇబ్బందీ లేకుండా వేడి మీదే మొరాయిస్తుంటే, వేడికి మెత్తబడే పాత రబ్బరు పైపులను చూడండి. అవీ బాగుంటే అనుమానం పంపు మీదికి పోవాలి.

పంపు అరిగిందా? తడిగుడ్డ పరీక్ష

పంపులో డీజిల్‌ను నొక్కే భాగాల మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లే ఉంటుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. డీజిల్‌లో నీళ్లు, మట్టి, కిరోసిన్ కల్తీ ఉంటే ఈ భాగాలు అరిగి సందు పెరుగుతుంది. డీజిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఆ సందు పెద్దగా తెలియదు. 40 డిగ్రీల దగ్గరున్న చిక్కదనం 80 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు సగానికి పడిపోతుంది. పలచబడిన డీజిల్ సందులోంచి వెనక్కి జారుకుంటుంది. ఇంజన్ పరుగు మీద ఉన్నప్పుడు పంపు వేగంగా తిరుగుతుంది కాబట్టి లోటు కనపడదు. సెల్ఫ్ తిప్పే కొద్దిపాటి వేగానికి మాత్రం నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. ఈ జబ్బు రోటరీ పంపులకు ఎక్కువ. వాటి హెడ్డు, రోటరు అరుగుతాయి. మన మెకానిక్‌లు మైకో పంపు అని పిలిచే వరస పంపుల్లో ఎలిమెంట్లు అరిగినా ఇలాగే జరుగుతుంది.

పరీక్ష సులువు. ఇంజన్ మొరాయించినప్పుడు, ఆగి ఉన్న ఇంజన్ మీదే, పంపు చుట్టూ మామూలు నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టండి. కరెంటు తీగలు తడవకూడదు. గుడ్డను రెండు మూడు సార్లు మారుస్తూ ఐదు, పది నిమిషాలు ఉంచండి. మిగతా ఇంజన్ వేడిగానే ఉండగా పంపు ఒక్కటి చల్లబడి బండి అందుకుంటే, దాదాపుగా పంపు లోపలి అరుగుదలే కారణం. నడుస్తున్న ఇంజన్ పంపు మీద చన్నీళ్లు గుమ్మరించడం తప్పు, లోపలి భాగాలు పట్టేస్తాయి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పల్లంలో దొర్లించి గేరు వేస్తే అందుకుంది కాబట్టి సెల్ఫ్ మోటారుదే తప్పు అంటారు. దొర్లిస్తే ఇంజన్ సెల్ఫ్ కంటే వేగంగా తిరుగుతుంది. ఆ వేగానికి అరిగిన పంపు కూడా ఒత్తిడి తెస్తుంది. అంటే దొర్లించి స్టార్ట్ చేయడం వల్ల సెల్ఫ్ లోపమా, పంపు లోపమా అన్నది తేలదు. పైగా ఇంజన్ ఆగిన లారీకి పవర్ స్టీరింగ్ పని చేయదు, బ్రేకుకు గాలి చాలినంత ఉండదు. లోడు బండిని అలా దొర్లించవద్దు.

పొగ వస్తూ అందుకోకపోతే

టాపెట్లు చూపించండి. వాల్వుకూ రాకరుకూ మధ్య సందు మరీ తక్కువ పెడితే, వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ జారిపోతుంది. సెల్ఫ్ తిరిగే చప్పుడు ఒకే తాళంలో కాకుండా ఎగుడుదిగుడుగా వినిపిస్తుంది. సందు ఎంత ఉండాలో, చల్లగా పెట్టాలో వేడిగా పెట్టాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చేతి అంచనా పనికిరాదు. రింగులు, లైనర్లు అరిగిన ఇంజన్ మామూలుగా పొద్దున చలికే ఎక్కువ ఏడుస్తుంది. అందుకని వేడి మీద మాత్రమే మొరాయించే బండికి వెంటనే ఇంజన్ బోరు పని మొదలుపెట్టకండి.

కొత్త బండ్ల తీరు వేరు

దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమలయ్యాయి. వీటికి తగ్గట్టు వచ్చిన లారీల్లో ఎక్కువ భాగం కామన్ రైల్ బండ్లే. వీటిలో నాజిల్ నట్టు వదులు చేసి డీజిల్ చూడటం ప్రాణాపాయం. వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో వచ్చే సన్నటి ధార చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. ఏ బండిలోనైనా డీజిల్ చర్మంలోకి దూరితే నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి.

ఈ బండ్లలో వేడి మీద రెండు అనుమానాలు. ఇంజెక్టర్లు అరిగి, పలచబడ్డ డీజిల్ రిటర్ను పైపులోకి ఎక్కువగా పోవడం ఒకటి. వేడికి క్రాంక్ సెన్సర్ పని మానేయడం రెండోది. సెల్ఫ్ తిరుగుతుండగా రైల్ ఒత్తిడి ఎంత వస్తోందో, ఇంజన్ వేగం చూపుతోందో లేదో స్కానర్ పెట్టి చూడాలి. వేగం సున్నా చూపిస్తే సెన్సర్ వైపు చూడాలి. ఒత్తిడి చాలకపోతే ఒక్కో ఇంజెక్టరు రిటర్ను డీజిల్‌ను విడివిడి సీసాల్లో పట్టించి పోల్చాలి. మిగతావాటి కంటే బాగా ఎక్కువ వదిలేది అరిగినట్టు. నాలుగూ మార్చాలనే మాటకు ముందు ఈ సీసాల పరీక్ష అడగండి.

మెకానిక్‌కు ఈ ఐదు మాటలు చెప్పండి

1. ఆపిన ఎన్ని నిమిషాలకు మొరాయించింది, ఎంతసేపటికి మళ్లీ అందుకుంది.
2. సెల్ఫ్ పొద్దున వేగంతోనే తిరిగిందా, ఈడ్చిందా.
3. సైలెన్సర్‌లో పొగ వచ్చిందా, ఏ రంగు.
4. ట్యాంకు మూత తీసినా, చేతి పంపు కొట్టినా తేడా వచ్చిందా.
5. తడిగుడ్డ వేశాక అందుకుందా.

ఒక కాగితం మీద రాసి బండిలో పెట్టుకోండి. రెండు మూడు సార్లు ఒకే తీరుగా జరిగితే జబ్బు తేలినట్టే. అప్పుడు పంపును క్యాలిబ్రేషన్ యంత్రం ఉన్న షెడ్డుకే పంపండి, విప్పిన పాత సామాను అడిగి చూడండి.

నివారణ కూడా మీ చేతిలోనే ఉంది. డీజిల్ ఫిల్టర్లు పుస్తకంలో చెప్పిన గంటలకు మార్చాలి. ఫిల్టర్ కింది నీళ్లు తరచూ వదలాలి. పీపాలో నిలవ ఉంచిన డీజిల్‌ను అడుగు కదలకుండా, వడగట్టి పోయాలి. బరువు పని చేసి వచ్చిన ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు నెమ్మది మీద నడిపి ఆపాలి. అదును దాటితే దుక్కి ఆగదు, ధర పడితే యార్డు ఆగదు. సీజన్ మొదలవక ముందే ఒక మధ్యాహ్నం బండిని వేడి చేసి, పావుగంట ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూసుకోండి.