అమ్మ భోషాణం ఓడ ఎక్కే ముందు



మెల్‌బోర్న్‌లో స్థిరపడిన కుమారుడొకరు ఈమధ్య మన విచారణకు వచ్చి, తాతగారి కాలపు టేకు భోషాణాన్ని ఓడలో తీసుకువెళ్తున్నానని చెప్పారు. తాతగారు ఉపదేశి. "ఫాదర్‌గారూ, ప్రార్థన చేయండి, ఎల్లుండి లారీ వస్తుంది" అన్నారు. వాళ్ల అమ్మగారు గుమ్మం దగ్గర నిలబడి ఏమీ మాట్లాడలేదు. ఇరవై ఏళ్లుగా ఆమె మధ్యాహ్నం పూట నడుం వాల్చేది ఆ భోషాణం మీదేనని, ఊళ్లో ఉండి ఆమెను చూసుకునే కుమార్తె తరువాత నాతో చెప్పింది.

మొదట తేలవలసింది ఓడ ఖర్చు కాదు, ఆ వస్తువు ఎవరిదన్నది. తండ్రి వీలునామా వ్రాయకుండా మరణిస్తే, 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కుటుంబంలో మూడింట ఒక వంతు భార్యది. మిగిలిన రెండు వంతులు కుమారులకు, కుమార్తెలకు సమానం. మంచాలు, బిందెలు కూడా ఆ లెక్కలోనివే. పొలానికి కాగితాలు వ్రాసుకునే మనం సామాను దగ్గర మాత్రం ముందు పట్టుకున్నవాడిదే అన్నట్లుంటాం. నేను చూసినంతలో అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోయింది పొలం గట్ల కంటే ఇత్తడి బిందెల దగ్గరే ఎక్కువ. వస్తువును కలిగివుండటం వేరు, వాడుకోవడం వేరు అని పునీత తోమస్ అక్వినాసు విడదీసి చెప్పారు. ఆ తల్లి నడుం వాల్చడం ఈ రెండవదే.

అందరూ ఒప్పుకున్నాక వయస్సు చూడాలి. నూరేళ్లు దాటిన, పనితనం గల వస్తువును సొంతంగా దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తుంది. చారిత్రక, సాహిత్య విలువ గల చేతివ్రాత ప్రతులకు హద్దు 75 ఏళ్లే. కాబట్టి తాతగారి కీర్తనల నోటుపుస్తకాన్నీ తేలికగా సంచిలో వేసుకోకండి. సందేహముంటే అది పురావస్తువు కాదన్న ధృవపత్రాన్ని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుండి తీసుకోవాలి.

కలప సంగతి. టేకుకు అంత చిక్కు లేదు. రోజ్‌వుడ్ అయితే 2017 నుండి ఆ జాతులన్నీ అంతర్జాతీయ నియంత్రణలో ఉన్నాయి. పెద్ద సామానుకు అనుమతిపత్రం కావాలి. ఇక ఆస్ట్రేలియావారు పురుగు విషయంలో మహా కఠినులు. చెక్కలో ప్రాణమున్న పురుగు కనబడితే మందు పట్టించడమో, తిప్పి పంపడమో, నాశనం చేయడమో జరుగుతుంది, ఖర్చు మనదే. భోషాణం చుట్టూ మన వడ్రంగి పచ్చి మామిడి చెక్కతో పెట్టె కొడితే అదీ చెల్లదు. ప్యాకింగ్ చెక్క లోపలి వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలి, దానికి ముద్ర పడి ఉండాలి.

కంటైనర్‌లో కొంత చోటు మాత్రమే తీసుకుంటే కిరాయి ఎక్కువగా పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల భోషాణం ఖాళీదైనా ఒక ఘనపు మీటరుకు పైమాటే. అవతలి రేవు ఖర్చులు కూడా కలిపి చెప్పమని ముందే అడగండి.

ఇంటి పీఠాన్ని పంపేవారికి ఒక మాట. ఆరాధనకు ఆశీర్వదించిన వస్తువు సొంత ఆస్తి అయినా, దానిని లౌకికమైన పనికి వాడరాదని శ్రీసభ చట్టం 1171వ సూత్రం చెబుతోంది. అక్కడ చోటు చాలక టీవీ బల్లగా మార్చేటట్లయితే ఇక్కడే ఉంచండి.

ఆ లారీ రాలేదు. ముగ్గురూ కూర్చున్నారు. "నేనున్నంతవరకు ఇక్కడే ఉండనివ్వరా, తరువాత నువ్వూ చెల్లీ మాట్లాడుకోండి" అన్నారు అమ్మగారు. కుమారుడు కొలతలు, ఫోటోలు తీసుకొని వెళ్లారు. భోషాణం కాళ్ల దగ్గర సన్నటి పొడి రాలుతోంది. వడ్రంగి వచ్చేవారం వచ్చి చూస్తానన్నాడు.