మొదటి స్కిర్మిష్‌కు వెళ్తున్న మేనకోడలికి



వించెస్టర్ దగ్గరి ఫోర్ట్ షెనాండోవాలో అమెరికా అంతర్యుద్ధ కాలపు తుపాకులతో జరిగే స్కిర్మిష్‌లో ఈసారి నువ్వూ తుపాకీ పట్టి నిలబడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడకు కంగారు, నాకు సంతోషం. వర్జీనియాలో ఉన్న ఇన్నేళ్లలో ఆ లైన్లో ఎందరో కొత్తవాళ్ల పక్కన నిలబడ్డాను కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: తుపాకీ నింపేటప్పుడు తొందరపడకు.

చెప్పినంత తేలిక కాదమ్మా ఇది. 1950లో మొదలైన నార్త్-సౌత్ స్కిర్మిష్ అసోసియేషన్ పోటీల్లో గురితో పాటు గడియారం కూడా ఉంటుంది. మస్కెట్ జట్టులో ఎనిమిది మంది. 50 గజాల దూరంలో, 100 గజాల దూరంలో మట్టి బిళ్లలు, పూలకుండీల లాంటివి పెడతారు. అన్నీ ఎంత త్వరగా పగిలితే జట్టుకు అంత మేలు. పొగ, అరుపులు, పక్కవాళ్ల తుపాకీ నీకంటే ముందే పేలడం, అన్నీ కలిసి కొత్తవాళ్ల చేతుల్ని తరుముతాయి. తుపాకీమందు పోయకుండానే తూటా దించేసేవాళ్లున్నారు, పోశామో లేదోనన్న అనుమానంతో మళ్లీ పోసేవాళ్లున్నారు. అన్నిటికంటే ప్రమాదం, తూటాను మందు మీద ఆనేదాకా దించకుండా మధ్యలో వదిలేయడం. గొట్టమే పగలొచ్చు. నిండిన తుపాకీలో తూటాను దించే రామ్‌రాడ్ ఎంత బయటికి ఉండాలో ముందే గీత పెట్టుకో, ప్రతిసారీ ఆ గీత చూడు.

మందు ఎప్పుడూ ముందే కొలిచిపెట్టుకున్న చిన్న గొట్టం నుంచే పోయాలి, సీసా నుంచి నేరుగా కాదు. తుపాకీ లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే సీసా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది. తుపాకీ మూతి మీదికి ముఖం వంచకు, రామ్‌రాడ్ మీద అరచెయ్యి పెట్టి నొక్కకు. మందును అంటించే క్యాప్ పెట్టడం ఆఖరి పని, అదీ మూతి లక్ష్యాల వైపు తిప్పాకే. క్యాప్ టప్పుమని తుపాకీ పేలకపోతే దించకు, అలాగే కనీసం ఒక నిమిషం పట్టుకో. తర్వాత సేఫ్టీ ఆఫీసర్ని పిలువు. జట్టు ఓడిపోతుందని మొహమాటపడకు. నీ మీద కోప్పడే జట్టయితే అది నీకు తగింది కాదు.

నీ చేతికొచ్చేది 1861 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ నమూనా కావచ్చు. అందులో వాడే మినియే తూటా గురించి తెలుసుకుని వెళ్లు. ఫ్రెంచి అధికారి క్లోడ్ ఎటియెన్ మినియే 1840ల చివర్లో రూపొందించాడు. గొట్టం కంటే కాస్త సన్నం కాబట్టి సులువుగా జారుతుంది. పేలగానే వెనకనున్న బోలు భాగం వ్యాకోచించి గొట్టంలోని గాడుల్ని పట్టుకుంటుంది. మామూలు సిపాయి కూడా నిమిషానికి రెండు మూడుసార్లు దూరానికి గురిపెట్టి కాల్చగలిగాడంటే దీని వల్లే. ఎముకకు తగిలితే ముక్కలు చేసేది, కాళ్లూ చేతులూ తీసేయాల్సి వచ్చేది.

అమెరికా అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా సైనికులు పోయారు, సగానికి పైగా రోగాలతోనే. ఉత్తరాది నీలి యూనిఫాం వాళ్లూ దక్షిణాది బూడిదరంగు యూనిఫాం వాళ్లూ ఇప్పుడు ఒకే లైన్లో స్నేహంగా నిలబడతారు, అది నాకు ఇష్టమే. కానీ దక్షిణాది రాష్ట్రాలు విడిపోయింది బానిసత్వాన్ని నిలుపుకోవడానికన్న సంగతి మరచిపోకు. నీ జట్టు ఏ రెజిమెంటు పేరు పెట్టుకుందో, ఆ రెజిమెంటు ఎవరి పక్షాన పోరాడిందో ముందే చదువుకో.

తుపాకీమందు పొగ వాసన నీకు కొత్తేమీ కాదు. అందులో ఉన్నట్టే మన దీపావళి చిచ్చుబుడ్డిలో పడేదీ సురేకారం, గంధకం, బొగ్గులే. 1861లో ఉత్తరాది ప్రభుత్వం కోసం తుపాకీమందు తయారీదారు లామట్ డ్యూపాంట్ లండన్ వెళ్లి పెద్దఎత్తున కొన్న సురేకారం మన దేశం నుంచి వచ్చిందే. ఇది నీ జట్టువాళ్లకూ చెప్పు.

నూలు బట్టలో ఉన్ని బట్టలో వేసుకో, నిప్పురవ్వ పడితే పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. కళ్లద్దాలు, చెవిబిరడాలు మర్చిపోకు. తుపాకీ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నదే అయి ఉంటుంది. ఈ మందు మసి గాలిలో తేమను లాగి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. ఎంత అలసినా సరే, వేడినీళ్లతో గొట్టం కడిగి, పొడిగా తుడిచి, నూనె పట్టించి ఆ సాయంత్రమే వాళ్లకు అప్పగించు.

ఇట్లు,
మీ మామయ్య