జ్వరం తగ్గింది కదా, ఫంగస్ ఇంజెక్షన్ ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 64 ఏళ్లు. పేగుకు రంధ్రం పడితే ఆపరేషన్ చేసి ఐసీయూలో ఉంచారు. పదో రోజున మళ్లీ జ్వరం వచ్చింది. బ్లడ్ కల్చర్‌లో క్యాండిడా అనే ఫంగస్ ఉందని చెప్పి, మెడ దగ్గర పెట్టిన సెంట్రల్ లైన్ తీసేసి కాస్పోఫంజిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నాలుగు రోజులకే జ్వరం తగ్గింది. అయినా కనీసం రెండు వారాలు మందు వాడాలట, కళ్లు కూడా పరీక్ష చేయించాలట. ఖర్చు భరించలేకపోతున్నాం. ఇంజెక్షన్లు ఆపేసి మాత్రలతో సరిపెట్టకూడదా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాత్రలకు మారే అవకాశం ఉందమ్మా, కానీ జ్వరం తగ్గిందన్న ఒక్క కారణంతో మారకూడదు. ఈ జబ్బులో చూడాల్సింది థర్మామీటర్ కాదు, రక్తం. క్యాండిడా మనలో చాలామంది పేగుల్లో ఏ హానీ చేయకుండా ఉండేదే. బలమైన యాంటీబయాటిక్స్‌తో అక్కడి బ్యాక్టీరియా తగ్గిపోతే అది విపరీతంగా పెరుగుతుంది. పేగుకు రంధ్రం పడితే కడుపులోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరుతుంది. పెద్ద రక్తనాళంలో ఉన్న లైన్ దానికి మరో దారి. మీ నాన్నగారి విషయంలో ఈ మూడూ కలిశాయి.

గళ్లలోనో, మూత్రంలోనో క్యాండిడా కనిపిస్తే చాలాసార్లు అది ఊరికే అక్కడ ఉన్నదే. మందు అవసరం పడకపోవచ్చు. రక్తంలో కనిపిస్తే మాత్రం అలా వదిలేయడానికి లేదు. 2011-12లో మన దేశంలోని 27 ఐసీయూల్లో, రక్తంలో క్యాండిడా చేరిన 1,400 మంది రోగులను పరిశీలించారు. వారిలో దాదాపు 45 శాతం మంది 30 రోజుల్లోపే చనిపోయారు. అందరూ ఫంగస్ వల్లే పోయారని కాదు, అసలు జబ్బులూ తీవ్రమైనవే. అయినా సుమారు 20 శాతం మరణాల భారం ఫంగస్‌దేనని ఆ అధ్యయనం లెక్కగట్టింది.

మరి చవకగా దొరికే ఫ్లుకోనజోల్‌తోనే మొదలుపెట్టి ఉండొచ్చు కదా అంటారు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటి రోగుల్లో కొందరికి కాస్పోఫంజిన్ కోవకే చెందిన అనిడులాఫంజిన్, మిగిలినవారికి ఫ్లుకోనజోల్ ఇచ్చి చూశారు. మొదటి మందుతో 75.6 శాతం మందికి, రెండోదానితో 60.2 శాతం మందికి గుణం కనిపించింది. పైగా ఇప్పుడు కొన్ని ఐసీయూల్లో కనిపిస్తున్న క్యాండిడా ఆరిస్ చాలావరకు ఫ్లుకోనజోల్‌కు లొంగదు. ఏ రకం క్యాండిడానో, దేనికి లొంగుతుందో రిపోర్టు వచ్చేసరికి మరికొన్ని రోజులు పడుతుంది. అందాకా గట్టి మందు వాడటం వృథా ఖర్చు కాదు. ఈ కోవ మందులు ఫంగస్ కణాల గోడను దెబ్బతీస్తాయి. మన కణాలకు అలాంటి గోడ ఉండదు. అందుకే పాతకాలపు ఆంఫోటెరిసిన్‌లా ఇవి కిడ్నీలను బాధించవు.

లైన్ తీసేయడమూ చికిత్సలో భాగమే. ప్లాస్టిక్ గొట్టం లోపలి గోడలకు ఫంగస్ పళ్ల మీది పాచిలా పొరగా అంటుకుంటుంది. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు. అక్కడి నుంచి కణాలు విడివడి మళ్లీ రక్తంలో కలుస్తుంటాయి. నరాలు దొరకని రోగికి ఉన్న లైన్ తీసేస్తే ఎలా అన్న ఇబ్బంది నిజమే. అయినా వీలైనంత వరకు పాతది తీసి, అవసరమైతే మరో చోట కొత్తది పెట్టడమే మేలు.

ఇక రెండు వారాల లెక్క. ఇది ఇంజెక్షన్ మొదలైన రోజు నుంచి కాదు, కల్చర్‌లో ఫంగస్ పెరగలేదని తేలిన మొదటి రక్త నమూనా తీసిన రోజు నుంచి మొదలవుతుంది. అందుకే రోజూ గానీ, రోజు విడిచి రోజు గానీ రక్తం తీసి పంపుతారు. జ్వరం తగ్గినా ఫంగస్ కంటి లోపలి పొరల్లోనో, గుండె కవాటాల మీదో స్థిరపడి ఉండొచ్చు. కంట్లో చేరితే చూపు పోయే ప్రమాదం ఉంది. కాస్పోఫంజిన్ కంటి లోపలికి సరిగా వెళ్లదు కాబట్టి అక్కడ ఫంగస్ ఉంటే మందే మార్చాలి, ఎక్కువ కాలం వాడాలి. కంటి పరీక్ష చేయించమన్నది అందుకే.

ఇంత ప్రమాదమైతే ఐసీయూలో అందరికీ ముందే ఈ మందు ఇవ్వొచ్చు కదా అని కొందరు అడుగుతారు. 2016లో ఫ్రాన్స్ వైద్యులు ఇదే పరీక్షించారు. శరీరంలో పలుచోట్ల క్యాండిడా ఉండి, ఐసీయూలో సెప్సిస్ సోకి, అవయవాలు దెబ్బతింటున్నా రక్తంలో ఫంగస్ ఉన్నట్టు తేలని రోగుల్లో కొందరికి మైకాఫంజిన్, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఫంగస్ సోకకుండా 28 రోజులు బతికినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే అనుమానం మీద అందరికీ గుప్పించడం ఎంత తప్పో, రక్తంలో రుజువయ్యాక మధ్యలో ఆపడం అంతకన్నా పెద్ద తప్పు.

మీ ఖర్చు బాధకు దారి కూడా ఇక్కడే ఉంది. నాన్నగారి పరిస్థితి నిలకడగా ఉండి, తర్వాతి కల్చర్లలో ఫంగస్ లేదని తేలి, అది ఫ్లుకోనజోల్‌కు లొంగే రకమై, పేగులు సరిగా పనిచేస్తుంటే సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత మాత్రలకు మార్చవచ్చు. పేగులు బాగుంటే ఈ మాత్ర దాదాపు 90 శాతం ఒంటబడుతుంది. మిగిలిన రోజులు మాత్రలతోనే పూర్తిచేయవచ్చు. ఆపరేషన్ అయిన పేగు కాబట్టి మీ సర్జన్ మాట ఇక్కడ ముఖ్యం. రేపు డాక్టరును కలిసినప్పుడు ఏ రకం క్యాండిడా వచ్చింది, దేనికి లొంగుతుంది, రక్తం ఏ తేదీకి శుభ్రమైంది, కంటి పరీక్షలో ఏం తేలింది అని అడిగి రాసుకోండి. మాత్రలకు మారడం ఆ జవాబులను బట్టే ఉంటుంది. అంతవరకు ఒక్క డోసు కూడా తప్పనివ్వకండి.