ఛాతీలోని లింఫోమా: నయమగు కాన్సరు

మన శరీరమందు లింఫు అను తేటద్రవమును కొనిపోవు సన్నని నాళములును, వానిపై అక్కడక్కడ చిక్కుడు గింజలవంటి గ్రంథులును కలవు. కాలికి పుండైనపుడు గజ్జలో బిళ్ల కట్టునది ఈ గ్రంథియే. ఇందలి తెల్ల రక్తకణములు అదుపు తప్పి పెరుగుటయే లింఫోమా అను కాన్సరు. రెండు ఊపిరితిత్తుల నడుమనున్న గ్రంథులలోను ఇది పుట్టును. థామస్ హాడ్జ్‌కిన్ అను ఆంగ్ల వైద్యుడు 1832లో వర్ణించిన రకము యౌవనమందున్నవారికి ఎక్కువగా వచ్చును.

మెడలో నొప్పి లేని బిళ్ల, విడువని దగ్గు, ఆయాసము, జ్వరము, రాత్రివేళ బట్టలు తడియునంత చెమట, ఆరు నెలలలో బరువు పదింట ఒక వంతు తగ్గుట దీని లక్షణములు. వీనిలో పెక్కు క్షయకును లక్షణములే. ఎక్స్‌రేలో నీడ కనబడినంతమాత్రమున ఏ వ్యాధియో తేలదు. క్షయ మందులు వాడుచున్నను బిళ్ల పెరుగుచున్నచో వైద్యునికి వెంటనే చూపవలెను. గ్రంథిని తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించినగాని వ్యాధి నిర్ధారణ కాదు. కత్తి తగిలిన కాన్సరు ప్రాకునను భయముతో ఈ పరీక్షను మానరాదు.

1960కి పూర్వము, ముదిరిన హాడ్జ్‌కిన్ వ్యాధి గలవారిలో బ్రతికి బయటపడినవారు అరుదు. 1964లో అమెరికాలో విన్సెంట్ డెవీటా బృందము నాలుగు మందులు కలిపి ఇచ్చుట ప్రారంభింపగా, సుమారు సగముమంది దీర్ఘకాలము వ్యాధి లేక జీవించిరి. ఇటలీలో బొనడొన్నా బృందము 1975లో ప్రకటించిన మందుల కూర్పు నేటికిని వాడుకలో నున్నది. తొలిదశలో సరియైన చికిత్స పొందినవారిలో నూటికి 90 మందికి పైగా ఐదేండ్లు దాటి జీవించుచున్నారు. ముదిరిన దశలోను అధికసంఖ్యాకులకు నయమగుచున్నది. గడ్డ ఛాతీ వెడల్పులో మూడవ వంతును మించినచో మందులతోపాటు కిరణచికిత్స కూడ అవసరము కావచ్చును. లింఫోమాలో ఇతర రకములును కలవు; వాని చికిత్సయు, ఫలితమును వేరు.

ఈ మందులను సాధారణముగా పదునైదు దినముల కొకమారు, కొన్ని నెలలపాటు ఇత్తురు. రెండు మూడు మారులకే బిళ్ల కరగి, దగ్గు తగ్గి, రోగికి ఆరోగ్యము చేకూరినట్లు తోచును. అపాయమంతయు ఇచ్చటనే యున్నది. కోతల పనియనియో, ప్రయాణపు ఖర్చనియో అప్పుడు మానినచో, మిగిలిన కణములు మరల పెరుగును. రెండవమారు చికిత్స మరింత కష్టము. ఊడిన జుట్టు తిరిగి వచ్చును. చికిత్సాకాలమున జ్వరము వచ్చినచో మాత్రము ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

నయమైన పిమ్మటను పొగాకు మాని, గుండెను, ఊపిరితిత్తులను వైద్యులు చెప్పిన గడువులలో పరీక్షింపించుకొనవలెను. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు సంస్థ వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ వ్యాధికి చికిత్స కలదు. పోవునపుడు పాత ఎక్స్‌రేలు, పరీక్షా పత్రములు వెంట గొనిపోవుట మరువరాదు.