సూది లేకుండా షుగర్ చూపే వాచీలా?



పిల్లలకు స్మార్ట్ వాచీ కొనేముందు డబ్బా మీద రాసింది చదవండి. అడుగులు, గుండె వేగం వరకు సరే. అడుగున వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్త ప్రవాహాన్ని గమనించి నాడిని లెక్కిస్తుంది. బెల్టు వదులైతే అదీ తప్పుతుంది.

‘సూది గుచ్చకుండా షుగర్ చెబుతుంది’ అని ఉంటే మాత్రం కొనకండి. అలా సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. టైప్ 1 డయాబెటిస్ ఉన్న బిడ్డకు ఆ తప్పు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువిస్తే షుగర్ పడిపోతుంది, స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.

డాక్టర్లు రాసే సీజీఎం సెన్సర్ వేరు. దాని సన్నని తీగ చర్మం లోపలే ఉంటుంది. వాచీ ఆ అంకెను చూపించే తెర మాత్రమే. మీ బిడ్డ అది వాడుతుంటే క్లాస్ టీచర్‌కూ, పీఈటీ సార్‌కూ ముందే చెప్పండి.